పళ్లకు పట్టీలున్న వానాకాలం

జగదల్‌పూర్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లోనే ఒక పంటి ఆసుపత్రి ఉంది. మొన్న మా మనవరాలు నిత్య పళ్లకున్న క్లిప్పులు తీసేస్తామంటే తోడుగా నేను వెళ్లాను. మా అమ్మాయికి ఆఫీసులో సెలవు దొరకలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే కనుక ఆ పని నాకు పడింది. నిత్య ఏదో సినిమాకి వెళ్తున్నంత హుషారుగా లోపలికి పోయింది. నేను బయట కుర్చీలో కూర్చుని చేతిసంచి పట్టీని మెలిపెడుతూ ఉన్నాను. తలుపు సందులోంచి మిషను గీరుతున్న చప్పుడు సన్నగా వస్తోంది. ఆ చప్పుడు వినగానే నా నాలుక దానంతటదే ముందు పళ్ల వెనక్కి పోయి నక్కింది. మా ఇంటి ఆడవాళ్లం భయపడడానికి కారణం వచ్చేదాకా ఆగే రకం కాదు. కానీ ఆ రోజు నాకు కారణం ఉంది. క్లిప్పు ఊడిన తర్వాత దాని కింద ఏం కనపడుతుందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు చూశాను, ఇంకెవరి నోట్లోనో కాదు, నా నోట్లోనే.

అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యమే. మా భోపాల్‌పట్నం అందులో ఒక జమీందారీ. నాయన జమీందారు కచేరీలో పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, కచేరీలో హిందీ, సంతలో గోండీ, పొలం పనికి వచ్చేవాళ్లతో దోర్లీ. మాకు అది నాలుగు భాషలని కూడా తెలియదు, ఎవరితో మాట్లాడే మాట వాళ్లతో మాట్లాడడమే. ఇంట్లో పెత్తనం నాయనమ్మది. ఆమె భర్త ముఖం నేను చూడలేదు. ఆమె మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అయిపోతుందని ఎదురుచూస్తున్నట్టు గడప మీద కూర్చుని ఉండేది. నాయన కచేరీ నుంచి కాస్త ఆలస్యమైతే పాము, అమ్మ దగ్గితే క్షయ, నేను పలకకపోతే బావి. పొద్దున లేవగానే ఇంట్లో అందరి ముఖాలూ ఒకసారి చూసుకుని, అందరూ ఉన్నారని తేలాక గానీ పొయ్యి రాజేసేది కాదు. తడి కట్టెల పొగ, పేడ నీళ్లు చల్లిన వాకిలి, చూరు కింద గంపల్లోంచి వచ్చే ఇప్పపువ్వు వాసన, వీటన్నిటినీ కలిపితే నాకు నాయనమ్మ. ఇప్పపువ్వు వాసన తెలియనివాళ్లకి చెప్పడం కష్టం. మొదట తియ్యగా ఉంటుంది, కాసేపటికి తల తిరుగుతుంది, అలవాటైన వాళ్లకి మాత్రం ఆకలవుతుంది.

నాకు ఎత్తుపళ్లు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేసరికి పైన ముందు పళ్లు నాలుగూ నాకంటే ముందు నడిచేవి. నోరు మూసినా పెదవులు కలిసేవి కావు. ఈ సంగతి ఎవరికీ పెద్ద బాధగా లేదు, సాంబయ్య మామకి తప్ప. ఆయన అమ్మకి తమ్ముడు. నాగపూర్‌లో ఒక పంటి డాక్టరు దగ్గర సహాయకుడిగా చేరాడు. కొత్తగా పని నేర్చుకున్నవాడికి లోకమంతా ఆ పనిలాగే కనపడుతుంది. ఎండాకాలంలో మా ఊరొచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, దీన్ని సరిచెయ్యొచ్చు అన్నాడు. పరుగులో పడితే ఈ పళ్లు ముందు విరుగుతాయన్నాడు. ఆ ఒక్క మాటతో నాయనమ్మ ఒప్పేసుకుంది. ఆమెకి అప్పటిదాకా లేని భయం ఒకటి దొరికింది.

బండి మీద తిమేడు రేవుకి, పడవలో ఇంద్రావతి దాటి, అవతల సిరొంచ నుంచి మోటారు లారీలో అడవిదారి పట్టి, చాందాలో రైలెక్కి నాగపూర్ పోయాం, నేనూ అమ్మా మామా. ఆ డాక్టరు పెద్దాయన, మెత్తని చేతులు. నా ముందు పళ్లకి ఒక్కోదానికి సన్నని లోహపు పట్టీ తొడిగి, తెల్లని సిమెంటు లాంటి మందుతో అతికించి, వాటన్నిటినీ ఒక తీగతో కలిపాడు. ఆ తీగ బిగుసుకునే కొద్దీ పళ్లు వెనక్కి జరుగుతాయట. నెలనెలా వచ్చి బిగింపు చూపించుకోవాలన్నాడు. గట్టివి కొరకొద్దు, తీపి తినొద్దు, ఇదిగో ఈ కుంచెతో రెండు పూటలా తోముకోవాలి అని చెప్పాడు. మామ ఒక్కొక్క మాటా తెలుగు చేసి అమ్మకి అప్పజెప్పాడు. అమ్మ మంత్రం నేర్చుకున్నట్టు నేర్చుకుంది. నెలనెలా అన్నప్పుడు మామగానీ అమ్మగానీ నోరెత్తలేదు. మా వైపే పుట్టి పెరిగిన మనుషులు, ఆరుద్ర పురుగు కనపడ్డాక ఇంద్రావతి అవతలి ఒడ్డు మరో దేశమవుతుందని తెలిసినవాళ్లు. డాక్టరు గదిలో తెల్లగోడల మధ్య కూర్చునేసరికి ఇద్దరికీ నది గుర్తు రాలేదు.

ఇంటికొచ్చిన మొదటి రోజే కుంచె పోయింది. దీని వెంట్రుకలు ఏ జంతువువి అని నాయనమ్మ అడిగింది. మమ్మల్ని దింపడానికి వచ్చిన మామ అబద్ధం చెప్పడం చేతకానివాడు. పందివి అన్నాడు. నాయనమ్మ దాన్ని చీపురు కొసతో నెట్టుకుంటూ వాకిలి దాటించి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, నా నోరు పుక్కిలింపజేసింది. ఆ తర్వాత వేపపుల్ల పట్టీలకి తగులుకుని నొప్పి చేస్తే, కచ్చిక బూడిద వేలికి అద్ది తానే తోమేది. వేలు పోయేచోటికి పోయేది, పోని చోటు అలాగే ఉండేది.

తీపి విషయంలో మాత్రం ఆమె డాక్టరు మాట జవదాటలేదు. బెల్లం కుండని అటక మీదికి ఎక్కించి, నిచ్చెన తీసి పశువుల కొట్టంలో దాచింది. పండగకి చేసిన పాయసం నా విస్తట్లో పడలేదు. సంతలో ఎవరో పెట్టిన పేలాలుండ నా చేతిలోంచి గుంజుకుని కుక్కకి వేసింది. నేను ఏడ్చాను. నా ఏడుపు ఆమె భరించలేదు. అందుకని తీపి మానిపించిన పిల్లకి బదులుగా ఇప్పపువ్వు పెట్టింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా వైపు ఇప్పపువ్వు తీపి కాదు. అది తిండి. ఎండిన పువ్వు వానాకాలానికి ఆధారం. గింజలు తగ్గినప్పుడు ఉడికించి, వేయించి, నువ్వులతో దంచి ముద్దలు చేసి తింటారు. బియ్యాన్ని ఎవరైనా తీపి అంటారా? ఇదీ అంతే. నాయనమ్మ పెంకు మీద పువ్వు వేయించి, అది జిగురొచ్చి బంక బంకగా అయ్యాక, కొంగున ముడేసుకునేది. నేను పక్కకి వస్తే చాలు, ముడి విప్పి రెండు పువ్వులు నోట్లో పెట్టేది. పొద్దున, పాఠం చదువుతుంటే, వాన చూస్తూ కూర్చుంటే, పడుకునే ముందు కథ చెబుతూ. అవి పట్టీలకి అంటుకుని కరుగుతూ ఉండేవి. ఆ వానాకాలమంతా నా నోరు తియ్యగానే ఉంది.

డాక్టరు చెప్పిన గడువు రాకముందే వానలు దిగాయి. ఇంద్రావతి ఒడ్లు ఒరుసుకుని పారింది. పడవ కట్టేశారు. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. తీగ బిగింపు వదులైంది కానీ పళ్లు నొప్పెట్టడం మొదలైంది. చిగుళ్లు ఉబ్బి పట్టీల మీదికి ఎక్కాయి. తీగ కొస పెదవి లోపలి వైపు గుచ్చుకుని పుండు పడింది. ఒక పట్టీ అంచు లేచి, దాని సందులో చేరిన తిండి కుళ్లి, నా ఊపిరి నాకే వాసన కొట్టేది. నాయనమ్మ అన్నం మానేసినంత పని చేసింది. ఈ పళ్లు మళ్లీ వచ్చేవి కావు, ఉన్నవి పోతే పోయినట్టే అని రోజూ అమ్మతో అనేది. అమ్మ దసరా దాకా ఆగుదామనేది. నాయన రేవుకి మనిషిని పంపి చూశాడు. నీళ్లలో మానులు కొట్టుకొస్తున్నాయి, పడవ వెయ్యమని పడవవాళ్లు తేల్చి చెప్పారు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు నా నోటి చుట్టూ తిరుగుతున్నారు. నాకేమో వాళ్ల ముఖాలు చూస్తేనే నొప్పికంటే ఎక్కువ భయం వేసేది.

చివరికి నాయనమ్మే అవుసుల వీరయ్యని పిలిపించింది. మా వీధి చివర ఉండే కంసాలి ఆయన. మా ఇంట్లో ముక్కుపుడక నుంచి మొలతాడు దాకా ఆయన చేతివే. నా నోట్లో పట్టీలు చూసి, పని శుభ్రంగా ఉందని ముందు మెచ్చుకున్నాడు. తర్వాత అడుగు వెనక్కి వేశాడు. నగలు విప్పుతాను గానీ మనిషిని విప్పలేనన్నాడు. నాయనమ్మ బతిమాలింది. ఆయన మాత్రం, "బంగారమైతే ఇరిగినా కరిగిచ్చి మళ్ల చేస్త తల్లీ. ఇది కరిగేది కాదు. నాకు బుగులైతాంది" అన్నాడు. నాయనమ్మకి మాత్రం భయం లేదా? అయినా, ఉంచితే కుళ్లుతుంది, తీస్తే ఏమో, ఆ ఏమో మీదే ఆశ పెట్టుకుని కూర్చున్నా అంది.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున వరండాలో పీట వేసి నన్ను కూర్చోబెట్టారు. తల నాయనమ్మ ఒళ్లో. వీరయ్య తన పటకార్లు వేడినీళ్లలో పసుపు వేసి కడిగాడు. తీగ తెంపడం తేలిక. రేకుల కత్తెరతో టక్కున పోయింది. పట్టీలు కదల్లేదు. ఆ సిమెంటు పంటితో ఏకమైపోయింది. పటకారుతో అంచు పట్టి మెల్లగా మెలిపెడుతుంటే ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, పుర్రె లోపలి నుంచి వినపడింది. ఒక పట్టీ వచ్చింది. రెండోది రానంది. ఆయన కొంచెం బలం పెట్టాడు. చిటుక్కుమంది. పట్టీతోబాటు నా పంటి మూల ఒకటి, బియ్యపు నూకంత, రాలి నా నాలుక మీద పడింది. దాన్ని ఉమ్మి వీరయ్య అరచేతిలో వేశాను. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. మిగతా పట్టీలు తీయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ తర్వాత అంటుకున్న సిమెంటుని సన్న ఆకురాయితో గీకాడు. గీకేకొద్దీ సిమెంటూ పోయింది, పంటి మెరుపూ పోయింది.

నీళ్లు పుక్కిలించి ఉమ్మాక నాయనమ్మ నా పెదవి ఎత్తి చూసింది. ప్రతి పంటి మీదా, పట్టీ ఉన్నచోటు చుట్టూ, తెల్లగా పాలిపోయిన గీత చట్రంలా ఉంది. పన్ను తెలుపు కాదు అది, జీవం లేని తెలుపు.

"ఏంది బిడ్డా ఇది, సున్నం రాసినట్టున్నది?" అంది. అందరూ వీరయ్య చేతిలో ఆకురాయి వైపు చూశారు. వీరయ్య కూడా దానివైపే చూసుకున్నాడు. సామాను మూట కట్టుకుని, తలెత్తకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మా వాకిలి ముందు నుంచి నడవడం మానేసి, వెనక పొలం గట్టు మీదుగా పోయేవాడు. అమ్మ మాత్రం, నగలు చేసేవాడి చేతికి నోరు అప్పజెప్పామని నాయనమ్మకి వినపడేలా గిన్నెలతో చెప్పేది.

దసరా వెళ్లాక నది దిగింది. ఈసారి నాయనమ్మ తానూ వస్తానంది. ఆమె అంతవరకూ ఇంద్రావతి దాటి ఎరగదు. పడవలో నా చెయ్యి పట్టుకున్న పట్టు రైల్లోనూ వదల్లేదు. నాగపూర్ డాక్టరు నా పళ్లని చిన్న అద్దంతో, సూదిలాంటి ముల్లుతో చాలాసేపు చూశాడు. మూల విరిగింది, ఈ గీకుడు గీతలు పడ్డాయి, ఇవి పట్టీలు ఊడబెరకడంలో అయినవి అన్నాడు. కానీ ఈ తెల్ల చట్రాలు గీకితే వచ్చినవి కావన్నాడు. పట్టీ చుట్టూ తీపి నిలిచి పులిసి, పంటి పైపొరని మెత్తబరిచిందట. పంటికి పైన పింగాణీ లాంటి గట్టి పొర ఒకటి ఉంటుందనీ, అది పోతే ఒళ్లు మళ్లీ పుట్టించలేదనీ నేను మొదటిసారి విన్నది ఆ రోజే. తీపి ఏం పెట్టారని అడిగాడు. అమ్మ దేవుడి మీద ఒట్టు వేసింది. బెల్లం కుండ, అటక, నిచ్చెన, అన్నీ చెప్పింది. మామ ఆ నిచ్చెనని హిందీలోకి మార్చలేక తంటాలు పడ్డాడు. అప్పుడు నాయనమ్మ, మనవరాల్ని ఎంత కట్టడిగా చూసుకుందో డాక్టరుకి తెలియాలని, కాస్త గర్వంగా ముందుకొచ్చింది.

"తీపి ముట్టనియ్యలే బాబూ. పువ్వు పెట్టిన, అంతే" అని కొంగు ముడి విప్పి ఆయన చేతిలో పెట్టింది.

డాక్టరు ఒక పువ్వు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపి మామ వైపు చూశాడు. కిస్‌మిస్ కంటే తియ్యగా ఉందన్నాడు. ఆ మాట మామ తెలుగు చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం లేకపోయింది. డాక్టరు ముఖం చూస్తూనే నాయనమ్మ ముఖంలో రంగు పోయింది. ఇక ఈ పళ్ల సంగతేమిటని అమ్మ అడిగింది. పొర పలచబడింది, నిలవొచ్చు, నిలవకపోవచ్చు, చూద్దాం అన్నాడు ఆయన. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాయనమ్మకి కొంత తేలికయ్యేదేమో.

తిరిగొచ్చిన మర్నాడు ఆమె వీరయ్య ఇంటికి పోయింది. నన్నూ వెంట తీసుకెళ్లింది. ఆయన కుంపటి ముందు లేచి నిలబడ్డాడు. నాయనమ్మ గడప దగ్గరే ఆగి, తప్పు నీది కాదు, నాది, అని చెప్పింది. దానికి వీరయ్య, "మూల ఇరగ్గొట్టింది మాత్రం నేనే గద తల్లీ. అది నా పేరు మీదనే ఉండనీ" అన్నాడు. ఇద్దరూ అక్కడ నిలబడి నా పళ్లని పంచుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రాదు. ఆ తర్వాత వీరయ్య మళ్లీ మా వాకిలి ముందు నుంచే నడిచాడు. ఇప్పపువ్వు మాత్రం నాయనమ్మ కొంగుకి తిరిగి రాలేదు. ఆమె చేత్తో నాకు ఏదీ పెట్టలేదు కూడా. అమ్మ చేతే పెట్టించేది. నేను ఒళ్లోకి వాలితే తల నిమిరేది, చెయ్యి నా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. అది నాకు పళ్ల నొప్పికంటే ఎక్కువ నొప్పి. ఎవరితోనూ చెప్పుకోలేదు.

పొద్దున్నే అందరి ముఖాలూ చూసుకునే ఆమె అలవాటుకి ఇంకొకటి చేరింది. నన్ను వెలుతురు వైపు తిప్పి, ముందు పళ్లని ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో మెల్లగా నొక్కి, కదులుతున్నాయా అని చూసేది. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్లయింది, బస్తర్‌లో రాజుల పాలన పోయింది, కచేరీ పేరు మారింది. పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ గడప దాటనివ్వకుండా ముందు నోరు తెరిపించేది. నా భర్త ఎదురుగా, నా పిల్లల ఎదురుగా. నేను జామకాయ కొరికితే ఊపిరి బిగబట్టేది. చల్లనీళ్లు తగిలి పళ్లు జివ్వుమన్నా నేను ముఖం చిట్లించకుండా ఉండడం నేర్చుకున్నాను. చివరి రోజుల్లో చూపు పోయింది. నా గొంతు విని, చెయ్యి చాపి, "ఉన్నయా?" అంది. ఉన్నాయన్నాను. నమ్మలేదు. వేలితో తడిమి చూసుకుంది. ఉన్నాయని తెలిసింది, ఉంటాయని మాత్రం తెలియదు. ఆ డాక్టరు "చూద్దాం" అన్న మాటలోనే ఆమె మిగిలిన బతుకంతా బతికింది.

నిత్య బయటికొచ్చి అన్ని పళ్లూ కనపడేలా నవ్వింది. నేను కళ్లద్దాలు సర్దుకుని చూశాను. పళ్లు నున్నగా ఉన్నాయి. రెండిటి మీద మాత్రం చూసీ చూడనట్టు తెల్లని మరక. వెనకే వచ్చిన డాక్టరమ్మ, కిరందుల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా పిల్ల, సగం హిందీ సగం తెలుగులో ధైర్యం చెప్పింది. ఇప్పుడు జిగురు వేరు, దాన్ని తీసే పనిముట్లు వేరు, అయినా ఎంతో కొంత పైపొర పోతూనే ఉంటుంది, పూత మందు వేశాను, భయం లేదు అంది. నిత్యకి ఆ మాటలేవీ పట్టలేదు. ఫోనులో తన నవ్వు తానే చూసుకుంటోంది. నాకు అసూయ కలిగింది, పళ్ల మీద కాదు, ఆ నిశ్చింత మీద. మా కాలంలో ఒక తీగ తెంపాలంటే నదిలో నీరు తగ్గాలి. ఇప్పుడు రోడ్డు దాటితే చాలు. కానీ మా ఇంట్లో ఒక పిల్ల పన్ను నొప్పెడితే ముగ్గురు పెద్దవాళ్లు అన్నం మానేవాళ్లు. ఏది మేలో నాకు తెలియదు. పిల్లల నోళ్లకి మాత్రం ఇప్పటి కాలమే మేలు, అంతవరకూ ఒప్పుకుంటాను.

నేను మాట్లాడుతుంటే డాక్టరమ్మ నా పళ్ల వైపే చూస్తోంది. ఒకసారి కూర్చోండి నానీజీ అని, సొంత అమ్మమ్మని పిలిచినట్టు పిలిచి, నన్ను కుర్చీ ఎక్కించింది. ఆ విరిగిన మూల, ఆ గీతలు, ఆ సున్నపు చట్రాలు, అన్నీ దీపం కింద చూసింది. కథ అడిగితే క్లుప్తంగా చెప్పాను. కావాలంటే పంటిరంగు మందు నింపి మరకలన్నీ కనపడకుండా చేస్తానంది. వద్దన్నాను. ఈ వయసులో ఇవి ఇంకెన్నాళ్లు నిలుస్తాయో అది చెప్పు చాలు అన్నాను. అద్దం కాడతో ఒక్కొక్క పంటినీ తట్టింది. వేలితో నొక్కి చూసింది.

"ఇవి ఊడేవి కావు నానీజీ. చాలా గట్టిగా ఉన్నాయి."

నా కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. నొప్పెట్టిందా అని ఆ పిల్ల కంగారుపడి చెయ్యి తీసేసింది. నొప్పి కాదమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పు అని అడిగాను. ఆమె చెప్పింది. ఆ రెండోసారి, నాయనమ్మ కోసం విన్నాను.